చూద్దాంగారు

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మనవాళ్ళ ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఆయన తగులుతారు. ఊరూ పేరూ మారొచ్చు, మనిషి మాత్రం ఆయనే. చూద్దాంగారు అందాం. ఇల్లు కొనేముందు ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని బెజవాడ సిద్ధాంతిగారిని వాట్సాప్ వీడియోలో గదిగదికీ తిప్పారు. ఇల్లు భూకంపపు ఫాల్ట్ జోన్‌లో ఉంటే ఆ సంగతి కొనేవాడికి చెప్పి తీరాలని కాలిఫోర్నియా చట్టం. కాగితం మీద చెప్పారు కూడా. దాని మీద ఆయన చదవకుండా సంతకం పెట్టారు.

మామూలు ఇంటి ఇన్సూరెన్సు భూకంపానికి పనికిరాదని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్నుంచీ పరిశోధనే. 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపం దెబ్బకు కంపెనీలు బెదిరిపోవడం, 1996లో రాష్ట్రం భూకంప బీమా కోసం కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీని పెట్టడం, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పాలసీ ఒక్కటే లేదు.

బండి ఆగేది డిడక్టిబుల్ దగ్గర, అంటే నష్టంలో ముందుగా మనం భరించాల్సిన వాటా దగ్గర. తిరిగి కట్టడానికి 6 లక్షల డాలర్లయ్యే ఇంటికి 15 శాతమంటే 90,000. గోడలు బీటలిచ్చి 80,000 నష్టం వస్తే చేతికి పైసా రాదు. "అంటే కూలితే బాగా కూలాలన్నమాట. కొంచెం కూలితే మునిగిపోతాం!" అని చేతిలో పకోడీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాపోతారు. ఈ బాధలో న్యాయం లేకపోలేదు. తక్కువ శాతం పెట్టుకుంటే ప్రీమియం పెరుగుతుంది. ఆ రెండింటి మధ్యా ఆయన ఎక్సెల్ షీటు నలుగుతూనే ఉంటుంది.

"అయినా ఇక్కడ విలువంతా స్థలానిదే. నేల ఎక్కడికీ పోదుగా!" అంటారు. ఊరి గుండా పోయే హేవర్డ్ ఫాల్ట్ దగ్గర ఆ మాట అనడానికి గుండె కావాలి. అక్కడ భూకంపం రాకపోయినా నేల ఏటా కొన్ని మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. ఫుట్‌పాత్ అంచులు పక్కకు తప్పుకుని కనిపిస్తాయి.

ఆ ఫాల్ట్ మీద చివరి పెద్ద భూకంపం 1868లో వచ్చింది. సగటున నూటయాభై ఏళ్ళకొకటి అని శాస్త్రవేత్తల అంచనా. ఈయన ముహూర్తం లెక్క కట్టారు. "2018లో రావాలి, రాలేదు. గండం గడిచిపోయినట్టే." తప్పిపోయిన రైలు మళ్ళీ రాదన్నంత ధీమా!

వాళ్ళావిడ ఈ చర్చల్లోకి రారు. బీరువాను గోడకు బిగించి, మంచం కింద బూట్లు, గరాజ్‌లో నీళ్ళ డబ్బాలు పెట్టుకున్నారు. "ఏవండీ, అది వచ్చేలోపు మీ షీటు అవుతుందా?" అని మాత్రం అప్పుడప్పుడూ అడుగుతారు.

ఎప్పుడైనా అర్ధరాత్రి ఇల్లు చిన్నగా ఊగితే చూద్దాంగారు రెండ్రోజులు ఇన్సూరెన్సు భక్తుడైపోతారు. మూడోరోజు డిడక్టిబుల్ గుర్తొస్తుంది.

ఇంటి పాలసీ ఇచ్చిన కంపెనీ రెండేళ్ళకోసారి 'భూకంప బీమా కావాలా?' అని ఉత్తరం రాయాలి. 30 రోజుల్లో బదులివ్వకపోతే వద్దన్నట్టే లెక్క. ఆ ఉత్తరం ఫ్రిజ్ తలుపు మీద వేంకటేశ్వరస్వామి అయస్కాంతం కింద ఉంటుంది. ఇరవైతొమ్మిదో రోజు రాత్రి నాకు ఫోను.

"25 శాతం డిడక్టిబుల్ అయితే ప్రీమియం బాగానే తగ్గుతోందోయ్. ఏమంటావు?"

"తీసేసుకోండి."

"అలా తొందరపడితే ఎలాగయ్యా!"