జ్వరం కొలిచే చేతిపట్టీ: సెన్సర్ ఎంపికకు తిరుగులేని చిట్కాలు

ఒంటి వేడిని చేతిపట్టీతో కొలిచి ఫోన్‌కు పంపిస్తామని ప్రాజెక్టు టైటిల్ ఇచ్చేశారు. రివ్యూ దగ్గరపడింది. కంగారు పడకండి. ఈ సూత్రాలు పాటిస్తే బ్యాచ్ మొత్తం గట్టెక్కుతుంది.

1. డేటాషీట్ తెరవకండి. తెరిస్తే అనుమానాలు మొదలవుతాయి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి షాపువాడు ముందు ఏది తీస్తే అది కొనండి. డీహెచ్‌టీ11 అయితే మరీ మంచిది. 2 డిగ్రీలు అటూ ఇటూ చెబుతుందని కొందరు వంకలు పెడతారు. 37 ఉన్నవాడికి 39 చూపిస్తే ముందుజాగ్రత్త, 39 ఉన్నవాడికి 37 చూపిస్తే ధైర్యం. గాలిలో తేమ కూడా చెబుతుంది కనుక ఆ అంకెను ‘చెమట’ అని రాసుకోండి.

2. దశాంశాలు ధారాళంగా చూపించండి. డీఎస్18బీ20 ఏకంగా 0.0625 డిగ్రీల మెట్లలో లెక్క చెబుతుంది. అసలు వేడికి అర డిగ్రీ దూరంలో ఉండొచ్చన్న సంగతి వైవాలో మీరుగా ఎత్తకండి. తెర మీద 36.8125 అని వెలిగితే ఎక్స్‌టర్నల్ కూడా కళ్లజోడు సవరించుకుంటారు.

3. సీనియర్ల రికార్డులో ఎల్ఎం35 ఉంటే కళ్లు మూసుకుని అదే వాడండి. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు, లెక్క సులువు. దానికి కనీసం 4 వోల్టులు కావాలి. పట్టీలో పట్టే లిథియం సెల్ ఇచ్చేది 3.7. అయితేనేం, 9 వోల్టుల బ్యాటరీ కట్టండి. చెయ్యి లాగితే మోచేతి కింద దిండు పెట్టుకోమని మాన్యువల్‌లో రాయండి.

4. టీఎంపీ117, మ్యాక్స్30205 జోలికి పోకండి. తేడా 0.1 డిగ్రీ దాటదని మ్యాక్స్30205 మాటిచ్చేది 37 నుంచి 39 మధ్యే, అంటే జ్వరం తేలాల్సిన చోటే. టీఎంపీ117 సెకనుకోసారి కొలిచినా సగటున 3.5 మైక్రోయాంపులే తాగుతుంది. బ్యాటరీ అయిపోకపోతే కొన్న ఛార్జర్‌ను ఏం చేసుకుంటారు?

5. సెన్సర్‌ను బ్లూటూత్ చిప్‌కూ ఛార్జింగ్ ఐసీకీ మధ్య ఇరికించండి. సెన్సర్‌కు తెలిసేది తన ఒంటి వేడి ఒక్కటే. ఆ వేడి బోర్డులోని రాగి గీతల గుండా కూడా వస్తుంది. అందుకే కొందరు చాదస్తులు సెన్సర్ చుట్టూ బోర్డును కోసి, గీతలు సన్నం చేస్తారు. మీరు అలా చేయకండి. ఛార్జింగ్ పెట్టగానే రోగికి జ్వరమొస్తుంటే డెమో రక్తి కడుతుంది.

6. పట్టీ వదులుగా ఉండనివ్వండి, చర్మానికి గాలి తగలాలి. మణికట్టు చర్మం 33 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి కోడ్‌లో 4 కలిపేయండి. ఏసీ గదికీ విజయవాడ మే నెల ఎండకూ అదే 4. ఆపిల్ 2022లో వాచ్ సిరీస్ 8లో రెండు సెన్సర్లు పెట్టి, నిద్రలో కొలిచి, రోజువారీ కన్నా ఎంత మారిందో మాత్రమే చెప్పింది. అంత పెద్ద కంపెనీకి 4 కలపడం తోచలేదు!

7. నీళ్ల తొట్టిలో మంచి థర్మామీటర్‌తో పోల్చి చూడటం శుద్ధ దండగ. రీడింగు 36.5 కన్నా తగ్గితే పెంచమని, 37.2 దాటితే తగ్గించమని కోడ్‌కే చెప్పండి. ఆ తర్వాత ఒకసారి సెన్సర్ ఊడబీకి చూడండి. తెర మీద అంకె చెక్కుచెదరకపోతే మీ ఎంపిక కుదిరినట్టే.