సజ్జ మీది డీవీడీ ప్లేయర్

చిన్న మోటార్లు, ఒక రబ్బరు బెల్టు, డిస్కు మీది సన్నటి గుంటలు చదివే ఎర్ర లేజరు కన్ను. నా ఒళ్లంతా ఇంతే. ఫ్యాక్టరీ రోజుల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. నర్సాపూర్‌లో ఒక ఇంటి టీవీ కింద చోటు దొరికాకే నా బతుకు మొదలైంది.

మొదట్లో నాలో పెళ్లి వీడియోలే తిరిగేవి. ఒకసారి ఆ ఇంటి బిడ్డ, పట్నం పోయిన అన్నతో కోఠి నుంచి 'స్పిరిటెడ్ అవే' తెప్పించుకుంది. జపాన్‌లో మియాజాకి తీసిన ఆ సినిమా 2001లో వచ్చింది, 2003లో ఆస్కార్ గెలిచింది. ఆ సంగతులేవీ బిడ్డకు తెలియవు. పదేళ్ల చిహిరో, పందులైపోయిన అమ్మానాన్నల కోసం దేవతలు స్నానానికొచ్చే సత్రంలో పనికి కుదురుతుంది. అది చూస్తూ ఆ పిల్ల అన్నం సంగతే మరిచిపోయింది.

పక్కనే నానమ్మ కూర్చునేది. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు బిడ్డ చదివి చెప్పాలి. కంపు కొట్టే బురద దేవుడొకడు సత్రానికి వస్తాడు. చిహిరో అతని ఒంట్లో గుచ్చుకున్నదేదో పట్టి లాగితే ముందు సైకిలు, దాని వెనకే చెత్త కుప్పలు కుప్పలుగా బయటపడతాయి.

"గదేంది బిడ్డా, దేవుని కడుపుల సైకిలా?"

"ఆయన నది నానమ్మా. మనుషులే పారేసిండ్రు గవన్నీ."

"మన కట్ట మైసమ్మనడుగు, ఆ బాధ ఎట్లుంటదో చెప్తది."

చెరువు గట్టు మీది మైసమ్మకు ఏటా బోనం చేసే మనిషికి అంతకుమించి ఏం చెప్పాలి? నదిని శుభ్రం చేయబోయి మియాజాకి నిజంగానే సైకిలు బయటికి తీశాడట, ఆ దృశ్యం అక్కడి నుంచే వచ్చింది. హాకు అనే కుర్రాడు కూడా ఒక నదే. దాన్ని పూడ్చి ఇళ్లు కట్టారు, అతనికి తిరిగి వెళ్లే చోటు లేదు. అక్కడికి రాగానే బిడ్డ నన్ను ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూసేది.

తర్వాత మియాజాకి తీసినవే ఇంకో రెండు, 'టోటోరో', 'ప్రిన్సెస్ మొనొనొకే' వచ్చాయి. మొనొనొకేలో ఇనుము కోసం అడవిని నరుకుతుంటే తలలు గిలకల్లా ఆడించే తెల్లటి చెట్టు దేవతలు కనుమరుగవుతారు. అది చూశాక బిడ్డ మా నర్సాపూర్ అడవి దారిలో బస్సు కిటికీ పక్కనే కూర్చుంటానని పట్టుబట్టేదట. రోడ్డు మీది కోతులను కాదు, వాటి వెనకున్న చెట్లను చూడటానికి. ఆ చూపు పుట్టడంలో నా పనీ ఉంది. ఇప్పటికీ నాకు గర్వం అదే.

బిడ్డ చదువుకు హైదరాబాద్ వెళ్లింది. నాలో దుమ్ము చేరింది. ఎవరూ కన్ను తుడవలేదు. డిస్కు పెడితే 'నో డిస్క్' అని చూపిస్తున్నానని నెత్తి మీద చరిచారు. బెల్టు సాగి ట్రే తెరుచుకోకపోతే చెంచాతో పొడిచారు. రిమోట్‌లో బ్యాటరీలు కారి పచ్చగా పట్టాయి. కొత్త టీవీకి నా ఎరుపు, పసుపు, తెలుపు వైర్లు గుచ్చే చోటే లేదు. ఒక పండగ ముందు ఇల్లు దులుపుతూ నన్ను సజ్జ ఎక్కించారు. పగిలిన కూలరు, మూత లేని కుక్కరు నాకు తోడు. ఇంట్లో ఒక్కరూ "అదేది?" అని అడగలేదు. నానమ్మ అడిగేదేమో, ఆమె అప్పటికే లేదు.

2020లో ఆ సినిమాలన్నీ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాయి. మొన్న దసరాకు వచ్చిన బిడ్డ తన కూతురికి ఫోనులో ఒకటి చూపిస్తుంటే, దానికి జో హిసాయిషి కట్టిన సంగీతాన్ని మొదటి స్వరానికే గుర్తుపట్టాను. చిన్నది అడిగింది, "అమ్మా, నువ్వు దేంట్ల చూసినవ్?" బిడ్డ సజ్జ వైపు చెయ్యి చూపింది.

పాత సామాన్ల బండి వాడు మా వీధికి వస్తూనే ఉన్నాడు. బిడ్డా, నన్ను వానికి వేసే ముందు పైమూత విప్పు. సాగింది బెల్టే, దుమ్ము తుడిస్తే నా కన్ను బాగానే ఉంది. నువ్వు ఇల్లంతా వెతికి దొరకలేదని ఏడ్చిన 'స్పిరిటెడ్ అవే' డిస్కు ట్రేలోనే ఇరుక్కుంది.