బరువు తగ్గాలా? బరంపురం బస్సెక్కండి

సమోసా, జిలేబీల మీద హెచ్చరిక ముద్రలేం ఉండవట. ఆఫీసు గోడలకు నూనె, పంచదార లెక్కల బోర్డులు మాత్రమే వేలాడతాయట. 2025 జులైలో కేంద్రం వివరణ ఇచ్చుకుంది. హమ్మయ్య! మనం లావెక్కింది గోడలు బోసిగా ఉండబట్టేనని ఇన్నాళ్లకు తేలింది.

మరి గోడల దగ్గరే ఆగడం దేనికి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) తీసి చూడండి. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువున్నవాళ్లు ఒడిశాలో నూటికి 23 మంది. ఇచ్ఛాపురంలో మన ఆంధ్ర గడ్డ మీద కాలు పెట్టగానే 36. తడ దాటి తమిళనాడులో అడుగేస్తే 40. అంటే కొవ్వు తిండిలో లేదు, 16వ నంబరు జాతీయ రహదారిలో ఉంది. చెన్నై వైపు పోయేకొద్దీ ఒళ్లొస్తుంది.

కనుక బోర్డులు రోడ్డు మీద పాతాలి. ‘ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం. బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకోండి.’ టోల్‌గేటులో ఫాస్టాగ్‌తోపాటు నడుం కొలతా తీసుకోవాలి. హైదరాబాద్ వైపు మళ్లే బళ్లను బీపీ చూశాకే వదలాలి. తెలంగాణ మగవాళ్లలో నూటికి 31 మందికి పైగా రక్తపోటు ఉందని ఆ సర్వేనే చెప్పింది మరి. వైద్యం ఇంకా తేలిక. డాక్టరు మాత్రలు మానేసి ‘బరంపురం బస్సు, నెలకు రెండుసార్లు, పరగడుపున’ అని చీటీ రాస్తే చాలు. కిటికీ పక్క సీటయితే గుణం త్వరగా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం సోంపేట దాటకముందే రెండు కిలోలు వెనక్కొచ్చే ప్రమాదముంది. చెన్నైకి బదిలీ అయిన ఉద్యోగికి లావు భత్యం ఇవ్వాల్సిందే. మొండి కేసులను పట్నా పంపాలి. బీహార్‌లో అధిక బరువున్న ఆడవాళ్లు నూటికి 16 మందే!

ఆ బీహార్‌లోనే నూటికి 25 మందికి పైగా ఆడవాళ్లు ఉండాల్సిన బరువు కూడా లేరు. దాన్ని ఆరోగ్యం అనరు, ఆకలి అంటారు. ఇక్కడేమో తలకు 5 కిలోల బియ్యం ఉచితంగా పోసే కేంద్రం పప్పు మాటెత్తదు. కిరాణా కొట్టు గుమ్మానికి వేలాడే 5 రూపాయల ప్యాకెట్లో ఉప్పెంతో తెలియాలంటే, వెనక చీమ తలకాయంత అక్షరాలు వెతుక్కోవాలి. ఆ వివరం ముందువైపు వేయించే ముసాయిదా 2022 నాటిది. అందులోనూ హెచ్చరిక లేదు, మార్కులుగా వేసే నక్షత్రాలున్నాయి. ఎంత చెత్త సరుకుకైనా అర చుక్క ఖాయం! దాని మీద 14 వేలకు పైగా సూచనలు, అభ్యంతరాలు వచ్చాయట. సంగతి తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువిచ్చింది. జులైలో ఇంకో మూడు నెలలు.

2022 నుంచీ ఆ ప్యాకెట్ల కంపెనీల మాట వింటూనే ఉన్నారు కదా, సమోసా లెక్కలు గోడకెక్కించే ముందు ఒక్క బండివాణ్నయినా అభ్యంతరం ఉందా అని అడిగారా?