బ్రేకు డిస్కులు కడిగామన్న సర్వీస్ మేనేజర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సర్వీస్ సెంటర్ మేనేజర్ గారి దివ్యసముఖానికి,

గాజువాక నుంచి మీ పాత కస్టమరు విన్నవించుకునేది. తమరి దయవల్ల మా కారు తళతళలాడుతోంది. డ్యాష్‌బోర్డుకి పాలిష్ పట్టించారు, టైర్లకి నలుపు పూయించారు, లోపల మల్లెపూల సెంటు కూడా కొట్టించారు. బ్రేకు తొక్కితే మాత్రం రోడ్డు మీద జనం చెవులు మూసుకుంటున్నారు. బిల్లులో ‘డిస్క్ క్లీనింగ్, 650 రూపాయలు’ అని ముచ్చటగా అచ్చు వేశారే, ఏ డిస్కండీ అది? ఎవరి కారుది?

నేను చెప్పిందేమిటి? ఎనభైలో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందని. జాబ్ కార్డులో దగ్గరుండి రాయించాను. మీవాళ్లు చేసిందేమిటి? పాత ప్యాడ్లు పీకి కొత్తవి తోసేశారు. వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో చూసిన నాథుడు లేడు. అడిగితే మీ అడ్వైజర్ కుర్రాడు, “కొత్త ప్యాడ్లు కద్సార్, నడపగా నడపగా సెట్టయిపోతాయి” అన్నాడు. ఎక్కడ సెట్టవ్వాలి బాబూ, సింహాచలం ఘాట్ దిగేటప్పుడా? వెనక సీట్లో మా అమ్మ కూర్చునుండగానా?

చివరికి ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఆయన దగ్గరికి పోయాను. చక్రం విప్పి, “డిస్క్ మీద గోరు పెట్టి లాగి చూడండి” అన్నాడు. దుక్కి చాళ్లలో పడ్డట్టు పడింది గోరు. చదునుగా ఉన్న కొత్త ప్యాడు గట్ల మీదే ఆనుతుంటే బ్రేకు సరిగ్గా ఎలా పడుతుంది? పైగా డిస్క్ అంచున తుప్పు గట్టు. ప్యాడు దాన్ని ఒరుసుకుంటోంది, ఆ కీచు అదే. కొలిచామని మీవాళ్లు రాశారు కదా, వెర్నియర్‌తో. దాని దవడలు కూర్చున్నది ఆ గట్టు మీదే! ప్యాడు తాకని చోట కొలిస్తే అరుగుదల ఏం తెలుస్తుంది? ఆయన గట్టు దాటి లోపలికి మైక్రోమీటర్ పెట్టి, చుట్టూ ఏడెనిమిది చోట్ల చూశాడు. ఒకచోట మందం, ఒకచోట పలచన. వణుకు గుట్టు అక్కడుంది. కనీస మందం 20 మిల్లీమీటర్లని డిస్క్ మీదే పోతపోసి ఉంది. ఇంకా మిగులుంది కాబట్టి రెండు చక్రాలవీ లేత్ పట్టాడు, పట్టాక మళ్లీ కొలిచాడు.

హబ్ మీద పొరలు కట్టిన తుప్పుని వైర్ బ్రష్‌తో గీకాడు. అది అలాగే ఉంటే డిస్క్ చదునుగా కూర్చోదు, తిరిగేటప్పుడు ఊగుతుంది. (మన విశాఖ ఉప్పుగాలికి తుప్పు పట్టనిదేముంది, కానీ గీకడానికి చేతులున్నాయి కదా.) ఎమరీ పేపర్‌తో అడ్డదిడ్డంగా రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, బ్రేక్ క్లీనర్ కొట్టాక ఇక జిడ్డు చేత్తో ముట్టనివ్వలేదు. ఖాళీ రోడ్డు మీద యాభై నుంచి పదిహేనుకి మెల్లగా తగ్గిస్తూ పదిసార్లు చెయ్యమన్నాడు, పూర్తిగా ఆపకుండా. తర్వాత చల్లారనివ్వమన్నాడు. ఈ ముక్క తాళాలిచ్చేటప్పుడు మీవాళ్లు చెప్తే నోరు అరుగుతుందా?

ఇంకో మాట. ఏసీ ఫిల్టర్ మురికిగా ఉందని వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపారు. డిస్క్‌ది ఒక్కటీ లేదు. నా సీటు ఎవరో వెనక్కి తోసేశారు, రేడియో ఏదో స్టేషన్ మీద గొంతు చించుకుంటోంది. మర్నాడు పొద్దున్నే ఫోను, “సార్, పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే నా జీతంలో కోస్తారు సార్” అని. ఆ అమ్మాయి మీద కోపం చూపించలేక పది ఇచ్చేశాను. ఆ పది మీది కాదు, ఆ అమ్మాయిది.

శుక్రవారం మా బావమరిది కారు మీ దగ్గరికే వస్తోంది. వారంటీలో ఉంది, వేరే చోటికి పోలేడు. ముందు ప్యాడ్లు మార్చాలన్నారట. మీకు దణ్ణం పెడతాను, వాటర్ వాష్ మానేయండి, సెంటు వద్దు, ఆ 650 కూడా తీసుకోండి. చక్రం విప్పాక డిస్క్ ఊడదీసి వెనక చూడండి. మీ దగ్గర మైక్రోమీటర్ లేకపోతే చెప్పండి, నాది పంపిస్తాను. ఈమధ్యే కొన్నాను.

ఇట్లు,
గాజువాక కస్టమరు