డబ్బీ పద్యానికి టీకా తాత్పర్యం

నాణెమున్న డబ్బి నలుసు సోకగనీక
మెత్తగుడ్డ జుట్టి మెదలకుంచు
తుడిచి చూడబోకు దుమ్మున్న వేళలో
గీత పడిన పిదప గీత యేల

టీక: నాణెము ఉన్న = 1943లో టంకశాల దాటిన చిల్లు కాని గల; డబ్బి = నాణేలవాళ్లు క్యాప్సూల్ అనే గుండ్రని ప్లాస్టిక్ డబ్బీని; నలుసు సోకగనీక = రేణువు తగలనీయక; మెత్తగుడ్డన్ = కళ్లజోడుతో ఉచితంగా ఇచ్చే గుడ్డలో (పంచె చెంగు పనికిరాదని భావము); చుట్టి మెదలక ఉంచు = సొరుగు లాగినప్పుడల్లా గలగలమనకుండా పెట్టుము; దుమ్మున్న వేళలో తుడిచి చూడబోకు = స్పష్టము; గీత పడిన పిదప = గాటు పడ్డాక; గీత ఏల = పద్ధెనిమిది అధ్యాయాలు చదివినా పోదు.

తాత్పర్యము: సొరుగు తెరవకుము.

విశేషములు: దుమ్ము లేని వేళ తుడవవచ్చునా అని శంక. తెనాలిలో అట్టి వేళ లేదు గనుక శంకకే తావు లేదు.

నలుసు అనగా సూర్యలంక ఇసుక అని బాపట్ల వ్యాఖ్యాత. ఇసుక రేణువు డబ్బీ చేసిన యాక్రిలిక్ కంటె గట్టిది. గీసేది గుడ్డ కాదు, గుడ్డ కింద చిక్కిన రేణువు. కాబట్టి ముందు రబ్బరు బల్బుతో ఊదాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఆ తడి ఆరితే మరక, మరక కనిపిస్తే మళ్లీ తుడవబుద్ధి.

పడ్డ గీతకు టూత్‌పేస్టు రాయమంటాడు తెనాలి వ్యాఖ్యాత. పేస్టులో ఉన్నదీ రాపిడి పొడే. ఒక పెద్ద గీతను వెయ్యి చిన్న గీతలుగా పంచిపెడుతుంది. నేను నాణెం తీసి, రుద్ది చూశాను. డబ్బీకి పుష్యమాసపు మంచు పట్టింది.

“మెత్త” అన్నాడు కదా అని మెత్తటి పీవీసీ కవరులో నాణెం దోపరాదు. మెత్తదనానికి కలిపిన ద్రవ్యం ఏళ్లు గడిస్తే చెమరుస్తుంది, రాగి మీద పచ్చటి జిగురు కడుతుంది.

నాణేన్ని కాయడానికి డబ్బీ, డబ్బీని కాయడానికి గుడ్డ, మరి గుడ్డకో? ఇది అనవస్థా దోషం కాదా? దీనికి రేపల్లె వ్యాఖ్యాత నోటితో జవాబు చెప్పడు. తెనాలి–రేపల్లె బండిలో భట్టిప్రోలు దిగమంటాడు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్విస్తే రాతి పేటిక లోపల స్ఫటిక పేటిక దొరికింది. డబ్బీలో డబ్బీ రెండువేల ఏళ్లకు పైగా మనవాళ్ల అలవాటే, దోషమెక్కడ? పైగా అక్కడి రాతి పేటికలకు గీతలున్నాయి. లిపి పండితుడు బూలర్ అంతటివాడు కూర్చుని చదివింది ఆ గీతలనే. భట్టిప్రోలు లిపి అని ఈనాటికీ చెప్పుకొనేది వాటినే.

అందుచేత రేపల్లె ప్రతిలో నాలుగో పాదం “గీత పడిన పిదప కీర్తి గలదు” అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. కానీ ఆ ప్రతి మా ఇంటికి ఆలస్యంగా చేరింది. డబ్బీ మూత మీద పిన్నీసుతో తన పేరు చెక్కుకున్న మనవడికి అప్పటికే మొట్టికాయ పడిపోయింది.