కలిపెయ్యండి బాబూ, కలిపెయ్యండి

మెగా సిటీ ఖాయమంటున్నారు కాబట్టి విజయవాడ, గుంటూరు, మంగళగిరి, తాడేపల్లి అన్న పేర్లను ఇప్పట్నుంచే కాస్త పొదుపుగా వాడండి. అన్నీ కలిపి ఇక అమరావతే. మధ్యలో కృష్ణానది ఉంది గదా అని అడక్కండి, నదికి నోటీసిస్తారు. గుంటూరుకీ బెజవాడకీ నడుమ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు పొలాలూ ఊళ్లూ ఉన్నాయి గదా అనీ అడక్కండి. పొలాలు ఎక్కడున్నాయో వాళ్లకి మీకంటే బాగా తెలుసు.

లెక్కల్లో నేను మొదట్నుంచీ వెనకబెంచీ. అమరావతిలో తొమ్మిది నగరాలన్నారు: న్యాయ నగరం, ఆర్థిక నగరం, క్రీడా నగరం, ఆరోగ్య నగరం, ఇట్లా. ఒక నగరాన్ని తొమ్మిది చేసే లెక్క ఇంకా తెమల్లేదు, నాలుగు ఊళ్లని ఒకటి చేసే లెక్క మొదలుపెట్టారు. అందులో మంగళగిరినీ తాడేపల్లినీ 2021లోనే కలిపి ఒక కార్పొరేషన్ చేసేశారు. కలిపినదాన్ని మళ్లీ కలపడమంటే పులిహోరని ఇంకోసారి కలిపినట్టే, మెతుకు చితకడం తప్ప కొత్త రుచేమీ రాదు.

అసలీ కలపడం కొత్తా? విజయవాడ–గుంటూరు–తెనాలి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టింది 1978లో. 2012లో దానికి మంగళగిరిని తగిలించారు. అంటే ఈ ఊళ్లు కాగితం మీద కలిసి నలభై ఏళ్లు దాటింది. మొదటి అథారిటీ పేరులోనే ఉన్న తెనాలి మాత్రం ఇప్పటి మెగా జాబితాలో ఎక్కడా వినపడదు. వాళ్లేం తప్పు చేశారో!

ఇక సత్తెనపల్లి. దీని సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. ఆ ఊరు ఉన్నచోటే ఉంది. గుంటూరు నుంచి మాచర్ల పోయే రైలు అక్కడ ఎప్పట్లానే ఆగుతోంది. అంగుళం జరగలేదు. కానీ సర్కారు కాగితాల్లో సత్తెనపల్లి తిరిగినంత దూరం మా పల్నాటి లారీ డ్రైవర్లు కూడా తిరిగి ఉండరు. 2014 చివర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) చట్టం వచ్చింది. సత్తెనపల్లి రాజధాని ప్రాంతమైంది. స్వీట్లు పంచుకున్నారు. 2019లో ప్రభుత్వం మారాక నరసరావుపేట కేంద్రంగా పల్నాడు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ అని ఒకటి పుట్టించి, ఊరిని తీసుకెళ్లి అందులో కూచోబెట్టారు. అవతల సీఆర్డీఏనే 2020 ఆగస్టులో ఎత్తేసి ఏఎంఆర్డీఏ అన్నారు. మరుసటేడు చివరికి, కాదు కాదు, సీఆర్డీఏనే అన్నారు. బోర్డులు రాసే పెయింటరు తప్ప బాగుపడ్డవాడెవడూ కనపళ్లేదు.

అంతటితో ఆగిందా? 2022 ఏప్రిల్ 4న పొద్దున లేచేసరికి సత్తెనపల్లి గుంటూరు జిల్లాలో లేదు, పల్నాడు జిల్లాలో ఉంది. సరే, పల్నాడులో ఉంది, పల్నాడు అథారిటీలో ఉంది, రెండూ ఒక గూటికి చేరాయి గదా అని ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ ప్రభుత్వం మారింది. 2024 నవంబరులో సీఆర్డీఏకి పాత 8,352 చదరపు కిలోమీటర్లూ తిరిగి ఇచ్చేశారు. సత్తెనపల్లి మళ్లీ రాజధాని ప్రాంతం. జిల్లా మాత్రం పల్నాడే. అర్జీ పట్టుకుని నరసరావుపేట కలెక్టరాఫీసుకి, లేఅవుట్ ఫైలు పట్టుకుని సీఆర్డీఏకి. మనిషొక్కడే, ప్రభుత్వం దృష్టిలో రెండు ఊళ్లవాడు.

ఇన్నిసార్లు కలిపీ విడదీసీ సత్తెనపల్లికి ఒరగబెట్టిందేమిటని ఎవడైనా ఒక్క కాగితం చూపిస్తే నేనీ వ్యాసం చించేస్తాను. ఆ ఊరు ఇంట్లోకి ఎవడొస్తే వాడు సర్దుకునే బీరువాలాగా అయిపోయింది.

సత్తెనపల్లి నయం. అమరావతికి పట్టిన గతి చూడండి. అమరేశ్వరుడి గుడి ఉన్న అమరావతి, బౌద్ధ స్తూపం ఉన్న అమరావతి, ఏ ఊరి పేరు ఎత్తుకెళ్లి రాజధానికి పెట్టారో ఆ అమరావతి, ఏ జిల్లాలో ఉంది? పల్నాడులో. రాజధాని అమరావతి? గుంటూరు జిల్లాలో, తుళ్లూరు మండలం చుట్టుపక్కల. పేరిచ్చిన ఊరు ఒక జిల్లా, పేరు పెట్టుకున్న ఊరు ఇంకో జిల్లా. అసలు అమరావతి మనిషికి కలెక్టరుతో పనిపడితే రాజధానికి వీపు చూపించి నరసరావుపేట దారి పట్టాలి. ఈ రెండు అమరావతులనీ ఒక జిల్లాలో కలపలేనివాళ్లు నదికి అటూ ఇటూ ఉన్న నగరాలను కలుపుతారట!

ఆ అమరావతి మండలం మీద ప్రేమ మాత్రం తగ్గలేదు. రెండో విడత భూసమీకరణ జాబితాలో వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి ఉన్నాయి. పల్నాడుని మెగా సిటీలోకి పిలిచేది ఇట్లాగే. ముందు పాసుపుస్తకం, తర్వాత మనిషి.

ఈమధ్య మా పేటలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా ఒక కుర్రాడు కరపత్రం చేతిలో పెడతాడు. మెగా సిటీకి నలభై నిమిషాల్లో, ఓఆర్‌ఆర్‌కి పావుగంటలో. ఏ బండి మీద తమ్ముడూ అనడిగాను. "రేపు రోడ్డు పడ్డాక అన్నా" అన్నాడు. 189 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కాగితం మీద పల్నాడుని రాసుకుంటూ పోతుంది గదా, వీడి ప్లాట్లు ఆ గీత పక్కనే. మైలురాళ్ల బదులు నిమిషాలు పాతుకుంటూ పోతే వినుకొండ కూడా మెగా సిటీ శివారే.

వ్యంగ్యం చాలు, ఒళ్లు మండుతోంది. 2024 సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు వచ్చి బెజవాడలో సింగ్ నగర్‌ని ముంచింది. జనం మేడల మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూశారు. ఆ ఏటికి గట్టు కట్టుకోలేని నగరాన్ని, శంకర్ విలాస్ వంతెన ఒక్కటి పడగొట్టేసరికి ఊపిరాడక కొట్టుకున్న గుంటూరుతో కలిపితే రెండు రోగాలూ నయమవుతాయా? పేరు పెద్దదైతే మురుగు దానంతటదే పారుతుందా? ఊళ్లు కార్పొరేషన్‌లో కలిస్తే కూలోళ్లకి ఉపాధి హామీ పని పోతుంది. ఇంటి పన్ను మాత్రం నగరం లెక్కనే వస్తుంది. ఆ మాట ఏ వేదిక మీదా ఎవడూ చెప్పడు.

కలపడంలో అంత మహిమ ఉంటే ఢిల్లీ కార్పొరేషన్‌ని 2012లో మూడు ముక్కలు చేసి 2022లో మళ్లీ ఎందుకు అతికించారు? బెంగుళూరు 2025లో ఉన్న ఒక్క కార్పొరేషన్‌నీ ఐదు చేసుకుంది. హైదరాబాదు 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో పోసింది. ఎవడి చేతికి కత్తెర దొరికితే వాడు కత్తిరిస్తాడు, సూది దొరికితే కుడతాడు. గుడ్డ మనది.

విడిపోవడం గురించి పల్నాడుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక రాజ్యం గురజాల ఒకటి, మాచర్ల ఒకటి అయి, కోడిపందెంలో రేగి, కారంపూడిలో తేలింది మా గడ్డ మీదే. కలపడం గురించీ చెప్పక్కర్లేదు. అన్ని కులాలనూ ఒక చాప మీద కూచోబెట్టి కూడు పెట్టించిన బ్రహ్మనాయుడి కథ చెప్పుకునే ఊళ్లు ఇవి. ఆయన కలిపింది మనుషుల్ని, హద్దురాళ్లని కాదు.

ఇక నీళ్లు. నాగార్జునసాగర్ కుడి గట్టు మా మాచర్ల పక్కనే. 1967లో కుడి కాలువకి నీళ్లు వదిలారు. కిందకి పోయిన నీళ్లకి అన్ని జిల్లాలూ తడిశాయి. డ్యాము కళ్ల ముందున్న వెల్దుర్తి, ఎగువన ఉన్న బొల్లాపల్లి నోరు తెరుచుకునే ఉన్నాయి. వాటి కోసమన్న వరికపూడిశెల ఎత్తిపోతలకి 2023 నవంబరులో కూడా ఒక రాయి వేశారు, ఎన్నికలు ఆర్నెల్లుండగా. ఆ ప్రభుత్వానికి రాయి దొరికింది, ఈ ప్రభుత్వానికి మెగా సిటీ దొరికింది. బొల్లాపల్లి ఆడవాళ్లకి ట్యాంకరు దొరికింది, వస్తే.

అయినా కలపాలనే సరదా అంతగా ఉంటే కాదనను. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల రైలు మార్గానికి 2024 అక్టోబరులో ఊ అన్నారు, సంతోషం. అట్లాగే నడికుడిని శ్రీకాళహస్తితో కలపండి. 309 కిలోమీటర్లు. మంజూరైంది 2011–12లో. పిడుగురాళ్ల నుంచి శావల్యాపురం దాకా పట్టాలు పడ్డాయి, మేం చూశాం. ఆ పైన శ్రీకాళహస్తి దాకా కలిపాక రండి, మెగా సిటీ సంగతి మాట్లాడుకుందాం.