కర్ర కుదరనిదే గురి కుదరదు

మా రోజుల్లో రైఫిలుకు కొత్త కర్ర వేయడమంటే రోజుల తరబడి పని. ఇప్పుడు పార్శిల్ విప్పి, మరలు బిగించి, ఫొటో తీసి పదిమందికి పంపడానికి గంట చాలు. ఆ తర్వాత రేంజికి వెళ్లి, గుళ్లు చెల్లాచెదురుగా పడుతున్నాయని బారెల్‌ని తిడతారు. బారెల్ ఏం చేసింది పాపం?

పోలీసు ఆయుధాగారంలో .303 రైఫిళ్ల మధ్య ఉద్యోగం చేసి, సారపాకలో స్థిరపడ్డవాణ్ణి. వాటిలో ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన నంబర్ 1 మార్క్ 3కి కర్ర ఒక్కటి కాదు. భుజానికి ఆనే బట్టు వేరు, బారెల్ కింది ముందు కర్ర వేరు. బట్టును పట్టి ఉంచే పొడవాటి బోల్టు కొస నలుపలకగా ఉండి, ముందు కర్రలోని రేకులో దిగి ఉంటుంది. ముందు కర్ర ఊడదీయకుండా ఆ బోల్టు తిప్పితే కర్ర చీలిపోతుంది. ముందు కర్ర చీలకుండా ఇషాపూర్ వాళ్లు అడ్డంగా ఇంకో మర కూడా వేశారు. ఇవన్నీ చేత్తో తెలుసుకున్నాకే ఉలి పట్టనిచ్చేవారు.

పని ఇలా సాగేది. మొదట రైఫిలు గదిలో తూటా లేదని కంటితో చూసి, వేలు పెట్టి చూసి, గది మూసే బోల్టు తీసి పక్కన పెట్టాలి. దీపం మసిని నూనెలో కలిపి, కర్రలో కూర్చునే ఇనుముకు పల్చగా పూయాలి. కర్రలో పెట్టి నొక్కి తీస్తే, ఎక్కడ తగిలిందో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే ఉలితో గీకాలి, అదీ గోరుతో గీకినంత. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం. పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను కాసే చోట రెండు వైపులా మచ్చ సమానంగా పడాలి. ఒకవైపే పడితే ఆ దెబ్బంతా అటే పోతుంది, రైఫిలు ప్రతిసారీ కొద్దిగా పక్కకు కదులుతుంది. గుళ్లు చెదిరేది అక్కడే.

మొన్నీమధ్య ఒక కుర్రాడు టార్గెట్ రైఫిలు గురించి అడగవచ్చాడు.

"స్టాక్ ఖరీదైనదే తాతా, అయినా గ్రూపింగ్ రావట్లేదు."

"మసి పెట్టి చూశారా?"

"మసి ఎందుకు? కంపెనీ వాళ్లు డైరెక్ట్‌గా ఫిట్ అవుతుందన్నారు."

ఈ మాటకే నాకు మండుతుంది. కర్ర అరలో రైఫిలు పట్టడం వేరు, కుదరడం వేరు. ఎపాక్సీ పోసి బెడ్డింగ్ చేయిస్తే మా మసి పనికన్నా బాగానే కుదురుతుంది, కాదనను. అది కూడా చేయించరే! టార్గెట్ రైఫిలుకు బారెల్ కర్రను తాకకుండా ఉండాలి, పాత .303కి మూతి దగ్గర స్ప్రింగు ఒత్తిడి ఉండాలి. ఏ రైఫిలుకు ఏది కావాలో కనుక్కోకుండానే డబ్బు కట్టేస్తారు.

మన గోదావరి ఒడ్డు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు వచ్చింది. అలాంటి ముసురులో కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో బారెల్‌కు దూరంగా ఉన్న కర్ర వచ్చి తగులుతుంది. అందుకే అవిసె నూనె కర్ర బయటే కాదు, లోపలి గాడిలోనూ పట్టించేవాళ్లం. ఫైబర్‌కీ అల్యూమినియానికీ ఈ బెడద లేదు. కానీ మే నెల ఎండలో అల్యూమినియం మీద చెంప ఆనించి చూడండి.

కొత్త స్టాకులంటే నాకు కోపమేమీ లేదు. మన హైదరాబాదు బిడ్డ గగన్ నారంగ్ 2012 లండన్‌లో 701.1 పాయింట్లతో కంచు పతకం తెచ్చాడు. అతను కాల్చింది ఎయిర్ రైఫిలే. దాని స్టాకుకూ చెంప ఆనే చోటు, భుజం తగిలే చోటు మనిషికి తగ్గట్టు జరుపుకునే ఏర్పాటు ఉంటుంది. పాత సైన్యమే బట్టును నాలుగు పొడవుల్లో చేయించేది, పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకటి సరిపోదని. నన్ను అడగవచ్చిన కుర్రాడి స్టాకుకు అలా జరుపుకునే మరలన్నీ ఉన్నాయి. ఒక్కటీ కదిలించలేదు, పెట్టెలో ఎలా వచ్చిందో అలాగే ఉంది.

లైసెన్సున్న తుపాకీ మేస్త్రీ దగ్గరికే తీసుకెళ్లమని పంపాను. బెడ్డింగ్ అయ్యాక బారెల్ కింద పల్చటి కాగితం జరిపి చూడమన్నాను. ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టించి, మళ్లీ వానాకాలంలో ఒకసారి చూసుకోమన్నాను.